ఉమ్మడి ఫైలులో ఒక్క లైను

మా ఆయన పేరు సన్యాసిరావు. పేరుకే సన్యాసి. పెళ్ళైన కొత్తలో ఒకసారి విజయనగరం బస్టాండులో నేను తప్పిపోయానని హడావుడి పడ్డారు. తప్పిపోవడం ఏమీ లేదు, గాజుల బండి దగ్గర నిలబడ్డాను, అంతే. ఆయన ఉద్యోగం ఆ బస్టాండులోనే, విచారణ గదిలో మైకు ముందు. సాలూరు బస్సు, పాలకొండ బస్సు, రాజాం బస్సు అని రోజంతా చెప్పే గొంతు. ఆ గొంతుతోనే, "శ్రీమతి హైమవతి గారు ఎక్కడ ఉన్నా వెంటనే విచారణ గది వద్దకు రావలెను. వారి భర్త అన్నం తినకుండా ఎదురుచూస్తున్నారు" అని మూడుసార్లు ప్రకటించారు. పల్లీలమ్మే వాళ్ళ దగ్గర్నుంచి కండక్టర్ల దాకా అందరూ నావైపే చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక్క మనిషికి చెప్పాల్సిన మాట ఊరందరికీ చెప్పడం అంటే అదీ. ముప్పై ఏళ్ళ తర్వాత నేనూ అదే పని చేశాను. నా చేతిలో మైకు లేదు, కీబోర్డు ఉంది.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున "చేరువ" అనే కేంద్రం ఉంది. మతిమరుపు ముదిరిపోయి, అద్దంలో తమ మొహం చూసుకుని "ఎవరండీ మీరు" అని అడిగే స్థితికి వచ్చినవాళ్ళు అక్కడ ముప్పై ఎనిమిది మంది ఉంటారు. నేను అక్కడి ప్రయోగశాలలో ఇంజనీరుని. ఆ ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఏడుగురు నాకు పేషెంట్లు. మిగిలినాయన మా ఆయన.

ప్రతివాళ్ళ చెవి వెనకా వెంట్రుకంత తీగ ఒకటి అమర్చి ఉంటుంది. నిద్ర లేవగానే ఆ తీగ మా గదిలోని యంత్రాన్ని పలకరించి, మేము రాసిపెట్టిన కొన్ని లైన్లు చదువుకుంటుంది. ఇల్లు అంటే ఇదే. పూటకి అన్నం పెడతారు. మెట్ల దగ్గర నెమ్మది. ఇలాంటివి. లైనుకి ముందు "పంచు" అన్న మాట రాస్తేనే ఆ సంగతి తీగ నుంచి కంటికీ, చెవికీ, కాలికీ చేరుతుంది. రాయకపోతే తీగలోనే ఉండిపోతుంది. మళ్ళీ నిద్రపోతే అన్నీ చెరిగిపోతాయి, లేవగానే మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాలి.

ఆ లైన్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి ఉమ్మడి ఫైలు. అది మా యంత్రంలో ఉంటుంది, అందరి తీగలూ ముందు దాన్నే చదువుతాయి. రెండోది సొంత ఫైలు. ఎవరిది వాళ్ళ తలలోనే, తీగ మొన చుట్టూ ఉన్న నరాల్లో ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. హాల్లో పెద్దాయన చెప్పిన మాట అందరికీ వర్తిస్తుంది, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక సొంత మాటదే పైచేయి. రెండు ఫైళ్ళలోనూ ఒకే పేరుతో లైను ఉంటే సొంత ఫైలు చెప్పిందే నిలుస్తుంది.

మా ఆయన తలలో సొంత ఫైలు నిలవదు. ఆ చోట నరాలు ఎండిపోయాయి. మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నప్పుడు నేను రాసిన లైను, ఆయన లేచేసరికి ఉండదు. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ పోయింది. మెలకువగా ఉన్నప్పుడు రాయకూడదా అంటే, మొదట్లో ఒకరిద్దరికి అలా రాస్తే వాంతులై ఫిట్సు వచ్చాయి. అందుకని నిద్రలో తప్ప రాయకూడదన్నది మా కట్టుబాటు.

అందువల్ల రోజూ సాయంత్రం టీ వేళ నేను వరండాలోకి వెళితే, ఆయన బల్ల మీద నుంచి తలెత్తి మర్యాదగా అడిగేవారు.

"ఏ ఊరెళ్ళాలమ్మా?"

ఆయన లెక్కలో వరండా అంటే బస్టాండు, వచ్చినవాళ్ళంతా ప్రయాణికులు. ఒకరోజు బొబ్బిలి అనేదాన్ని, ఒకరోజు పార్వతీపురం. "మూడో ప్లాట్‌ఫారం, పది నిమిషాల్లో వస్తాది, కూకోండి" అనేవారు. కూర్చునేదాన్ని. రెండేళ్ళపాటు రోజుకో ఊరు చెప్పాను. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అయిపోయి ఒరిస్సాలోకి కూడా వెళ్ళాను. ఇంటికి వెళ్ళాలి అని మాత్రం ఎప్పుడూ అనలేకపోయాను.

*

మా ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉంది. లైను రాశాక ఎంటర్ నొక్కే ముందు ఏ ఫైలో, ఏ లైనో పక్కవాళ్ళకి వినపడేలా బిగ్గరగా చదవాలి. పక్కవాళ్ళు "ఊఁ" అనాలి. అప్పుడే నొక్కాలి. "చదివి నొక్కు" అని గోడ మీద కూడా రాసి ఉంటుంది. నా పక్క మనిషి పైడిరాజు. ముప్పై ఏళ్ళవాడు, మంచి పనిమంతుడు, తన పెళ్ళి కుదిరిన సంగతి కూడా ముందు బిగ్గరగా చదివి తర్వాతే ఇంట్లో "ఊఁ" అన్నాడని మేమంతా ఏడిపిస్తాం.

ఆ రోజు తుఫాను హెచ్చరిక వచ్చింది. ఉరుమంటే మా వాళ్ళకి భయం, అందుకని మధ్యాహ్నం వాళ్ళు నిద్రలో ఉండగానే ఉమ్మడి ఫైలు తెరిచి "పంచు ఉరుము=దూరం" అని రాసి, చదివి, పైడిరాజు ఊఁ అన్నాక నొక్కాను. ఫైలు మూయలేదు. దాని కిందే, తెర మీద ఇంకో కిటికీలో మా ఆయన సొంత ఫైలు తెరిచాను.

ఐదోసారి. కారణం ఏమీ లేదు, మొండితనం తప్ప. రాయాలనుకున్న లైను ఇది: "పంచు నామనిషి=హైమవతి". హైమవతి అంటే పేరొక్కటే కాదు. నా మొహం, గొంతు, నడక, జడ, విసుక్కునేటప్పుడు నాలుక చప్పరించడం, అన్నీ కలిపి రెండు నెలలు కూర్చుని తయారుచేసిన మూట. అది అందినవాళ్ళకి నేను కనపడగానే "హమ్మయ్య, నా మనిషి వచ్చింది" అనిపిస్తుంది. కనపడకపోతే నా కోసం చూడాలనిపిస్తుంది.

దాన్ని బిగ్గరగా చదవాలి. యాభై రెండేళ్ళ ఆడదాన్ని, నా కింద పనిచేసే కుర్రాడి ముందు "నా మనిషి హైమవతి" అని ఎలా చదవను? అదీ ఐదోసారి. నాలుగోసారి చదివినప్పుడే పైడిరాజు నేలచూపులు చూస్తూ ఊఁ అన్నాడు. ఆ జాలి నాకు పడలేదు.

"క్యాంటీనుకెళ్ళి టీ తాగిరా పైడిరాజూ. నేను చూసుకుంటాలే" అన్నాను.

వాడు వెళ్ళాడు. నేను రాశాను. నోట్లోనే గొణుక్కుని నొక్కాను. ఏ కిటికీలో రాశానో చూసుకోలేదు.

*

మూడున్నరకి టీ పళ్ళెంతో వరండాలోకి వెళ్ళాను. వాన అప్పుడే మొదలైంది. అందరూ నావైపు చూసి నవ్వుతున్నారు. టీ వచ్చిందని సంతోషం కాబోలు అనుకున్నాను. మాజీ హెడ్ కానిస్టేబులు దాలినాయుడుగారు తన పక్కన చోటు చేసి చేత్తో తుడిచారు. గవరమ్మ అనే ముసలామె పైట సర్దుకుని లేచి నిలబడింది. ఇవన్నీ నేను చూశాను, కానీ బుర్రకి ఎక్కలేదు. నా కళ్ళు ఆ చివరి బల్ల మీదే ఉన్నాయి.

ఆయన తలెత్తారు. ఏ ఊరని అడగలేదు.

"ఏటే హైమా, ఇంతసేపు ఎక్కడున్నావు? వానలో తడిసిపోనావేటి?"

చేతిలో పళ్ళెం ఎలా కింద పెట్టానో నాకు తెలియదు. ఆయన తన భుజం మీది తువ్వాలు తీసి నా తల తుడిచారు. నా తల తడవలేదు. అయినా తుడిపించుకున్నాను. రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా ఆ తువ్వాల్లోనే ఏడ్చాను.

"బస్సులన్నీ లేటు ఈరోజు" అన్నారాయన నన్ను ఓదారుస్తున్నట్టు. "అయినా నువ్వొస్తావని నాకు తెలుసు."

ఆ సాయంత్రం ఎంత సుఖంగా గడిచిందో చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మా పెళ్ళిలో పాచిపోయిన పులిహోర గురించి మాట్లాడుకున్నాం. నిజానికి నేను మాట్లాడాను, ఆయన నా మొహం చూస్తూ కూర్చున్నారు. అంతకంటే నాకేం కావాలి?

*

మర్నాడు ఆదివారం, ఇంటివాళ్ళు చూడటానికి వచ్చే రోజు.

దాలినాయుడుగారి భార్య నారాయణమ్మ చీపురుపల్లి నుంచి వస్తుంది. ప్రతి ఆదివారం కొబ్బరి ఉండలు చేసి తెస్తుంది. ఆయనకి ఆమె పేరు తెలియదు. కానీ ఉండ చేతిలో పెడితే తింటారు, తింటూ ఆమె గాజులు తిప్పుతారు. ఆ గాజులు తిప్పడం కోసమే ఆమె రెండు బస్సులు మారి వస్తుంది. ఆ రోజు ఆమె ఉండ పెడితే ఆయన చేయి పక్కకి తోసి, తలుపు వైపు చూస్తూ, "హైమ రాలేదా?" అన్నారు.

నేను అప్పుడే ఆ తలుపులోంచి లోపలికి వస్తున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నారాయణమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నలభై రెండేళ్ళు కాపరం సేసినానమ్మా" అంది నాతో. కోపం లేదు ఆ గొంతులో, అదే నాకు దెబ్బ. "ఆయనకి నా పేరు తెలకపోతే పోనీ. నీ పేరెలా తెలిసింది?"

అప్పుడు చుట్టూ చూశాను. వరండాలో ముప్పై ఎనిమిది మంది. ఎవరి పక్కన వాళ్ళ కూతుళ్ళు, కొడుకులు, చెల్లెళ్ళు, టిఫిను డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఆ ముప్పై ఎనిమిది మందీ వాళ్ళనెవరినీ చూడటం లేదు, నన్ను చూస్తున్నారు.

ప్రయోగశాలకి పరుగెత్తాను. పైడిరాజు ఉమ్మడి ఫైలు తెరిచి అలవాటు ప్రకారం బిగ్గరగా చదివాడు.

"ఉమ్మడి ఫైలు. ఆరో లైను, ఉరుము దూరం. ఏడో లైను, పంచు నామనిషి..." వాడు నావైపు తిరిగాడు. "ఇదేటి మేడమ్? ఇదెవరు రాసినారు?"

"నేనే" అన్నాను. "నిన్ను టీకి పంపించి."

*

మా డైరెక్టరు డాక్టర్ షమీమ్. గొంతు పెంచని మనిషి. నేను అంతా చెప్పాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వెంటనే తీసేస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదా హైమా."

తెలుసు. తీగ ఒక మనిషి కోసం చూడమని నేర్పింది, నిద్రలో పేరు చెరిగినా ఆ అలవాటు అంత తొందరగా చెరగదు. ఇప్పుడు ఆ మనిషిని తీసేస్తే, చూడటం మిగిలిపోతుంది, ఎవరి కోసమో తెలియదు. కొన్నాళ్ళు గుమ్మం పట్టుకుని వెతుక్కుంటారు. అందుకని ముందు ఆ చోట వాళ్ళ సొంత మనిషిని పెట్టాలి, తర్వాతే నన్ను తీయాలి. అంటే ముప్పై ఏడు సొంత ఫైళ్ళలో ముప్పై ఏడు లైన్లు.

"సన్యాసిరావుగారి సంగతి?" అంది షమీమ్.

"ఆయనకి సొంత ఫైలు నిలవదు మేడమ్."

"ఉమ్మడి ఫైల్లోనే ఒక షరతు పెట్టలేమా? సన్యాసిరావైతేనే ఈ లైను చదువు అని?"

"ఉమ్మడి ఫైలు చదివే సమయానికి తీగకి తను ఎవరి తలలో ఉందో తెలియదు. ఆ సంగతి సొంత ఫైలు చదివాకే తెలుస్తుంది."

షమీమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత, "మూడు వారాల్లో అందరి లైన్లూ సిద్ధం చెయ్యి. ఆ ఏడో లైను తీయాల్సింది కూడా నువ్వే. వేరేవాళ్ళ చేత తీయించడం నాకు ఇష్టం లేదు" అంది.

*

ఆ మూడు వారాలు నేను పొద్దున్న దొంగని, సాయంత్రం పెళ్ళికూతుర్ని.

పొద్దున్నంతా ఒక్కొక్క కుటుంబాన్నీ పిలిచి కూర్చోబెట్టి, తప్పు చెప్పుకుని, వాళ్ళ మొహాలూ గొంతులూ నడకలూ మూటలు కట్టేవాళ్ళం. నారాయణమ్మ తన గాజుల చప్పుడు వేరేగా రికార్డు చేయించింది. ఒకాయనకి భార్య కంటే అక్కగారి మాటకే కళ్ళు చెమర్చాయి, భార్యే ముందుకొచ్చి "అక్కనే పెట్టండమ్మా, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది ఆవిడే కదా" అంది. గజపతినగరం రైతు ఒకాయనకి ఇద్దరు కొడుకులు, ఎవరి మొహం పెట్టాలని మా గదిలోనే తగువేసుకున్నారు. ఇద్దరి గొంతులూ వినిపిస్తే ఆయన ఉలకలేదు, పలకలేదు. మూట వెనకాల ఎక్కడో వినిపించిన గేదె గంటకి మాత్రం లేచి కూర్చున్నారు. చివరికి గేదెనే పెట్టాం. కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

సాయంత్రాలు నావి. ఆయన నా కోసం బల్ల మీద చోటు ఉంచేవారు. పాత ప్రకటనలు మెల్లగా నా చెవిలో చెప్పేవారు. నేను ఏ ఊరికీ వెళ్ళనక్కర్లేకపోయింది. ఇంకా ఎన్ని లైన్లు మిగిలాయో రోజూ లెక్కపెట్టుకునేదాన్ని. పని నెమ్మదిగా చేశానని ఎవరైనా అంటే కాదనను.

ముప్పై ఆరు లైన్లు పూర్తయ్యాయి. గవరమ్మ మిగిలింది.

గవరమ్మకి ఎవరూ లేరు. శ్రీకాకుళం దగ్గర ఏదో ఆశ్రమం వాళ్ళు తీసుకొచ్చి వదిలారు. ఊరు తెలియదు, ఇంటి పేరు తెలియదు. అడిగితే నవ్వుతుంది. ఆమె లైనులో ఎవరి పేరు రాయాలి?

పైడిరాజు ఆలోచించి, ఆలోచించి, ఒకరోజు మధ్యాహ్నం కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"మేడమ్, తియ్యకండి."

"ఏమిటి?"

"ఏడో లైను. అలాగే వదిలీయండి. ముప్పై ఆరుగురికి సొంత లైన్లున్నాయి, వాళ్ళకిది అంటదు. ఇంక దీన్ని సదివేది ఇద్దరే. సారూ, గవరమ్మా. సారుకి మీరు గుర్తుంటారు. గవరమ్మకి ఎలాగూ ఎవరూ లేరు, మీరుంటారు. ఎవరికి నష్టం సెప్పండి? షమీమ్ మేడమ్‌తో నేను మాట్లాడతాను."

నేను వాడి మొహం చూడలేదు. ఆ మాట నేనే అనుకుని నాలుగు రోజులైంది. ఎవరైనా అంటే బావుణ్ణని చూస్తున్నాను.

"ఊఁ" అన్నాను.

*

ఆ సాయంత్రం టీ పళ్ళెంతో వెళుతుంటే గవరమ్మ నా కొంగు పట్టుకుంది.

"ఏటమ్మా ఇంత ఆలీసం? ఇదిగో, నీ కోసమే దాసినాను. తినీ."

పైట చెంగు ముడి విప్పి సగం బిస్కెట్టు నా చేతిలో పెట్టింది. మెత్తబడిపోయిన బిస్కెట్టు. నవ్వుకుంటూ నోట్లో వేసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాక తట్టింది, అది ఎవరి సగమో.

ఆ సగం బిస్కెట్టు సంగతి చేరువలో అందరికీ తెలుసు. గవరమ్మ మూడేళ్ళుగా రోజూ టీతో ఇచ్చిన బిస్కెట్టుని రెండుగా విరిచి, ఒక సగం తిని, రెండో సగం కొంగులో ముడి వేసేది. ఎవరి కోసం గవరమ్మా అంటే, "వొస్తాది" అనేది. ఎవరొస్తుందో చెప్పేది కాదు, ఆమెకీ తెలియదు. సాయంత్రం దాకా గేటు వైపు చూసి, మర్నాడు ఆ ముక్క కాకులకి వేసి, కొత్త ముక్క ముడి వేసేది. తీగ చెప్పింది కాదు, మేము ఏ ఫైల్లోనూ రాసింది కాదు. పేరు పోయింది, మొహం పోయింది, ఊరు పోయింది, ఆ సగం ముక్క మాత్రం పోలేదు.

కూతురో, చెల్లెలో, నాకు తెలియదు. ఎవరో ఒకరున్నారు. ఎవరూ లేరన్నది మా రిజిస్టరు మాట. ఆ మనిషి చోటులో మూడు వారాలుగా నేను కూర్చున్నాను. ఆ మనిషి బిస్కెట్టు నేను తింటున్నాను.

"బాగుందా?" అంది గవరమ్మ.

"బాగుంది" అన్నాను. ఆ చివరి బల్ల మీద నుంచి మా ఆయన, "హైమా, ఇటు రా" అని పిలుస్తున్నారు. వెళ్ళి కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆయన చేయి వదల్లేదు. చీకటి పడే ముందు ఆయన్ని అడిగాను.

"నేను మళ్ళీ ఎవరో తెలియనిదాన్నయిపోతే ఏం చేస్తారు?"

"ఏటి సేస్తాను? మైకులో పిలుస్తాను" అన్నారు.

*

మర్నాడు మధ్యాహ్నం అందరూ నిద్రలో ఉన్నారు. ఉమ్మడి ఫైలు తెరిచాను. పైడిరాజు పక్కనే నిలబడ్డాడు. ఈసారి గొంతు పెంచి చదివాను.

"ఉమ్మడి ఫైలు. ఏడో లైను. పంచు, నా మనిషి, హైమవతి. తీసివేత."

పైడిరాజు పలకలేదు.  నేను మళ్ళీ చదివాను. వాడు గోడ వైపు తిరిగాడు.

"పైడిరాజూ, నువ్వు ఊఁ అనకపోతే నేను నొక్కకూడదు. నొక్కకపోతే రేపు నాకు ధైర్యం ఉండదు."

"సారు మిమ్మల్ని మర్సిపోతారు మేడమ్."

"మర్చిపోతారు. గవరమ్మకి ఎవరో ఒకరు గుర్తున్నారు. ఆ ఎవరో నేను కాదు."

చాలాసేపటికి, ఏడుస్తూ, "ఊఁ" అన్నాడు.

నొక్కాను.

*

తర్వాతి మూడు రోజులు నా పగవాళ్ళకి కూడా వద్దు.

ముప్పై ఆరుగురు తమ తమ మనుషుల కోసం చూశారు. నారాయణమ్మ గాజులు వినపడగానే దాలినాయుడుగారు లేచి ఎదురెళ్ళారట. గజపతినగరం పెద్దాయన లేస్తూనే గడ్డి వేశారా అని అడుగుతున్నారు. అంతా సవ్యంగా ఉంది, ఇద్దరికి తప్ప.

గవరమ్మ మాట్లాడటం మానేసింది. బిస్కెట్టు పూర్తిగా వదిలేసింది, విరవనూ లేదు, తిననూ లేదు. ఆ సగం ముక్కని కూడా నేనే చెరిపేశానేమోనని నాకు అన్నం సయించలేదు.

మా ఆయన బల్ల మీద కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. నేను వెళితే ఏ ఊరని అడిగారు, రాజాం అన్నాను. "వస్తాది, కూకోండి" అని మళ్ళీ బయటికే చూశారు.

"ఎవరి కోసం చూస్తున్నారండీ?" అన్నాను.

"తెలీదమ్మా. ఎవరో రావాలి. ఏ బస్సులోనూ దిగలేదు." మెడ చాచి గేటు వైపు చూశారు. "పేరు గుర్తొస్తే మైకులో పిలుద్దును."

ఆయన పక్కనే, గుమ్మం ఇవతల, నేను నిలబడ్డాను. ఆయన నా కోసం రోడ్డు చూస్తున్నారు. నేను ఆయన్ని చూస్తున్నాను. నా పేరు నేను చెప్పాను కూడా. "హైమవతి అండీ" అన్నాను. "మంచి పేరు" అన్నారు మర్యాదగా, చూపు తిప్పకుండా. ఇంత దగ్గరగా నిలబడి ఇంత దూరంగా ఉండొచ్చని నాకు ఆ మూడు రోజుల్లోనే తెలిసింది.

నాలుగో రోజు టీ వేళకి ఆయన గుమ్మం వదిలి బల్ల మీదకి వచ్చారు. అలసిపోయారో, మర్చిపోయారో. గవరమ్మ కూడా వచ్చి ఆ బల్ల మీదే ఓ చివర కూర్చుంది. బిస్కెట్టు చేతిలోకి తీసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. రెండుగా విరిచింది. ఒక సగం కొంగులో పెట్టి ముడి వేసి, గేటు వైపు చూసింది.

హమ్మయ్య అనుకున్నాను. ఎవరైతేనేం తల్లీ, నీ మనిషి నీకు వచ్చింది.

పళ్ళెం తీసుకుని వెళ్ళిపోబోతుంటే గవరమ్మ చేతిలో మిగిలిన సగాన్ని మళ్ళీ రెండు చేసింది. ఒక తునక నోట్లో వేసుకుంది. రెండోది నావైపు చాపింది.

నేను తీసుకోలేదు. ఏడో లైను లేదు. నా చేత్తో నేనే తీశాను. పొద్దున్న కూడా ఫైలు చూశాను, లేదు.

"తీస్కోయమ్మా. దినామూ ఒస్తావు గదా, సూస్తన్నాను. టీ ఇస్తావు. ఈ బాబు పక్కన నిలబడతావు. ఏడుస్తావు." తునక నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఎవలమ్మా నువ్వు?"

"హైమవతిని" అన్నాను.

ఆ మాటకి మా ఆయన తలెత్తారు. నన్ను పరకాయించి చూశారు.  ఆయన ఎప్పటిలాగే నవ్వారు.

"ఏ ఊరెళ్ళాలమ్మా?"

నోరు తెరిచాను. ఏ ఊరి పేరూ రాలేదు. రెండేళ్ళలో అన్ని ఊళ్ళూ అయిపోయాయి.

నాకంటే ముందు గవరమ్మే అందుకుంది. "ఏ ఊరూ ఎల్దు బాబూ. నీ కోసమే ఒచ్చింది."

ఆయన గవరమ్మని చూశారు, నన్ను చూశారు. ఆ మాటని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు తడుముకున్నారు. రేపు నిద్ర లేచేసరికి అది ఉండదు. గవరమ్మ ఉంటుంది, మళ్ళీ చెబుతుందేమో, చెప్పదేమో.

"నా కోసమా?" అన్నారు ఆశ్చర్యంగా. తర్వాత బల్ల మీద కొంచెం పక్కకి జరిగి, తువ్వాలుతో ఆ చోటు తుడిచారు. "అయితే కూకోమను. బస్సుకింకా టైముంది."

కూర్చున్నాను. బిస్కెట్టు తునక సగం ఆయనకి పెట్టి, సగం నేను తిన్నాను.